చెట్టు పేరు చెప్పి అమ్మే మాత్రలు

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరుగారు అడిగితే "లేదండీ, ఏమీ వాడటం లేదు" అన్నాను.

ఆయన చేతిలో ఉన్న రిపోర్టులో నా ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 412 ఉంది. మామూలుగా అది 40కి అటూ ఇటూ ఉండాలి. నాకు ఫ్యాటీ లివర్ ఉన్న మాట నిజమే గానీ, దానివల్ల అంకె ఇంతగా పెరగదు. కామెర్ల వైరస్‌లన్నిటికీ పరీక్షలు చేయించారు, ఏదీ బయటపడలేదు. మద్యం అలవాటు లేదు. వారం తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు ఆయన అదే ప్రశ్నను మార్చి అడిగారు: "మందులని మీరు అనుకోనివి ఏమైనా ఉన్నాయా? పొడులు, క్యాప్సూల్స్, కషాయాలు, బరువు తగ్గడానికి తీసుకునేవి?"

అప్పుడు చెప్పాను. అయిదు నెలలుగా రోజూ పొద్దున గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, మధ్యాహ్నం, రాత్రి భోజనానికి ముందు గార్సీనియా అనే పండు తొక్కతో చేసిన మాత్ర. రెండు సీసాల మీదా పచ్చటి ఆకు బొమ్మ ఉంది. మొదటిసారి అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. అవి మందులని నా బుర్రకు తట్టనే లేదు. ఆ రెండూ ఆపాక అంకె మామూలు స్థితికి రావడానికి పది వారాలు పట్టింది. ఈ రెండింటిలో తప్పు దేనిదో ఖాయంగా చెప్పలేనని డాక్టరుగారు అన్నారు. కారణం తేలాలంటే మళ్లీ ఒక్కొక్కటే వేసుకుని చూడాలి, అది ఎవరూ చేయకూడని పని.

ఆ తర్వాత రెండేళ్లుగా ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతున్నాను. మొక్కల మాత్రలన్నీ మోసమని చెప్పడానికి ఇది రాయడం లేదు. చదివేకొద్దీ మొక్కల మీద నా గౌరవం పెరిగింది. నా గొడవంతా "ఇది మందు కాదు" అనే మాటతోనే. ఆ ఒక్క మాటతో అమ్మేవాడికి రుజువు చూపించే పని తప్పుతుంది. కొనేవాడికి జాగ్రత్త పడాలన్న ఆలోచన రాదు. చికిత్స చేసేవారికి అసలు సంగతే చేరదు.

ముందు, ఈ సీసాలు ఎందుకు కొంటామో చెప్పాలి. కొన్నవాళ్లను తెలివితక్కువవాళ్లుగా చూసే రాతలు చాలా చదివాను, అవి నాకు నచ్చవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 నాటికి ఊబకాయం ఉన్న పెద్దవాళ్లు సుమారు 89 కోట్ల మంది. ఇంతమందికీ ఒక్కసారిగా క్రమశిక్షణ లేకుండా పోయిందంటే నేను నమ్మను. బరువు తగ్గినవాడి శరీరం ఆ తగ్గిన బరువును నష్టంగా లెక్కవేసి, దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి చూస్తుంది. 2011లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, పది వారాల కఠినమైన ఆహార నియమంతో బరువు తగ్గినవాళ్లను ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆకలిని పెంచే హార్మోన్లు అప్పటికీ ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తక్కువగానే ఉన్నాయి. అంటే ఏడాది పాటు ఆ మనుషులు తమ ఆకలితోనే యుద్ధం చేశారు. నేనూ చేశాను. మూడుసార్లు తగ్గాను, మూడుసార్లూ పోయినదంతా తిరిగి వచ్చింది. ప్రతిసారీ చెకప్‌కి వెళ్తే "కాస్త తగ్గించి తినండి" అన్న మాటే విన్నాను. అలాంటప్పుడు ఒక సీసా వచ్చి "తప్పు నీది కాదు, నీ మెటబాలిజంది, ఇదిగో ఒక ఆకు" అంటుంది. అందులో మొదటి సగం నిజం. నాతో ఎవరూ అనని నిజం. అందుకే రెండో సగాన్నీ నమ్మేశాను.

మొక్కలకు శక్తి లేదనేవాళ్లు గలీగా కథ వినాలి. ఊదారంగు పూలు పూసే ఈ మొక్కను యూరప్‌లో శతాబ్దాల పాటు నాటువైద్యంలో వాడారు. ఎక్కువగా మేసిన గొర్రెలు చచ్చిపోయేవి కూడా. అందులో గ్వానిడిన్ జాతికి చెందిన గలెజిన్ అనే పదార్థం ఉందని 20వ శతాబ్దం మొదట్లో తేలింది. 1920లలో దాన్ని షుగర్ రోగుల మీద ప్రయత్నించారు. షుగర్ తగ్గింది, కానీ మందుకూ విషానికీ మధ్య ఎడం మరీ తక్కువ. అదే జాతి రసాయనాల్లో ఒకదాన్ని 1922లో ప్రయోగశాలలో తయారుచేశారు. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1957లో ఫ్రెంచ్ వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని మనుషులకు ఇచ్చి ఫలితాలు ప్రచురించారు. అదే మెట్‌ఫార్మిన్. 1998లో బ్రిటన్‌లో పూర్తయిన పెద్ద అధ్యయనం, అధిక బరువు ఉన్న షుగర్ రోగుల్లో అది మరణాలను తగ్గిస్తుందని చూపించింది. ఇవాళ ప్రపంచంలో కోట్ల మంది రోజూ వేసుకుంటున్న మాత్ర అది.

ఇంకో కథ ఆపిల్ చెట్టుది. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని విడదీశారు. క్వినైన్ ఇచ్చే సింకోనా బెరడులాగా చేదుగా ఉంది కాబట్టి జ్వరానికి పనికొస్తుందేమోనని ఆశపడ్డారు. 1886లో జర్మన్ వైద్యుడు వాన్ మేరింగ్, దాన్ని ఇస్తే మూత్రంలో చక్కెర పోతోందని గమనించారు. మూత్రపిండాలు చక్కెరను వెనక్కి పీల్చుకునే దారిని అది మూసేస్తోంది. అయితే నోటితో తీసుకుంటే ఫ్లోరిజిన్ పేగుల్లోనే విరిగిపోతుంది, పైగా విరేచనాలు. ఆ చిక్కులు లేకుండా అణువును మార్చి మార్చి చూశాక, 2012 నాటికి డాపాగ్లిఫ్లోజిన్ మందుగా అనుమతి తెచ్చుకుంది. షుగర్‌కే కాకుండా గుండె వైఫల్యానికీ, కిడ్నీ జబ్బుకీ ఇప్పుడు వాడుతున్నారు.

బెరడు నుంచి మాత్ర దాకా 170 ఏళ్లకు పైగా పట్టింది. ఇది చదివినప్పుడు నాకు ఒక విషయం బాగా తగిలింది. ఆ చెట్టును నిజంగా గౌరవించినవాళ్లు వీళ్లే. అందులో ఏముంది, ఎంత ఉంది, ఎవరికి మేలు, ఎవరికి కీడు అని ఓపికగా అడిగారు. నా సీసా తయారుచేసినవాళ్లు అడిగింది ఒకటే, ఆకు బొమ్మ ఎంత పచ్చగా ఉండాలని. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

గార్సీనియా సంగతే చూడండి. దాని పండు తొక్కలో హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం ఉంటుంది. చక్కెరను కొవ్వుగా మార్చే దారిలో ఒక ఎంజైమును అది అడ్డుకుంటుంది. పరీక్షనాళికలో ఇది నిజం, ఎలుకల్లోనూ కొంత కనబడింది. ప్రకటనలన్నీ అక్కడే ఆగిపోతాయి. 1998లో అమెరికాలో 135 మంది మీద పన్నెండు వారాల పరీక్ష చేశారు. సగం మందికి రోజుకు 1500 మిల్లీగ్రాముల హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లం, మిగతావాళ్లకు ఏ పదార్థమూ లేని ఉత్త మాత్ర. ఇద్దరికీ ఆహార నియమం ఒకటే. గార్సీనియా తీసుకున్నవాళ్లు సగటున 3.2 కేజీలు తగ్గారు. ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లు 4.1 కేజీలు తగ్గారు. ఆ తేడా కాకతాళీయంగా వచ్చి ఉండొచ్చు, లెక్కలోకి రాదు. కానీ ఆ 3.2 అంకె చూసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఎందుకంటే మొదటి మూడు నెలల్లో నేనూ మూడు కేజీలు తగ్గాను. "పనిచేస్తోంది" అని నలుగురికి చెప్పాను. ఒక స్నేహితురాలు నా మాట మీదే సీసా కొనుక్కుంది. సీసా మొదలుపెట్టిన వారమే నడక మొదలుపెట్టాను, రాత్రి తినే వేళ ముందుకు జరుపుకున్నాను. ఆ ఫలితమంతా తీసుకెళ్లి మాత్ర ఖాతాలో వేశాను. నా అనుభవమే సాక్ష్యం అనే మాట ఎంత బలహీనమైనదో అప్పుడు తెలిసింది. ఆమెకు ఫోన్ చేసి ఆపేయమని చెప్పాను.

గ్రీన్ టీ విషయంలో జనం అడిగే ప్రశ్న నాకు తెలుసు: అంతమంది శతాబ్దాలుగా తాగుతున్నదే కదా, దానివల్ల ఏమవుతుంది? ఆకును నీళ్లలో వేసి తాగడం వేరు, ఆకులోని కెటకిన్లనే రసాయనాలను గుంజి, చిక్కబరిచి, గుళికలో కుక్కి, ఖాళీ కడుపుతో ఒక్కసారిగా మింగడం వేరు. కప్పులో కాస్త కాస్తగా లోపలికి వెళ్లే ఈజీసీజీ అనే కెటకిన్, గుళికలో కొన్ని వందల మిల్లీగ్రాములు ఒక్క దెబ్బన కాలేయం ముందుకు వస్తుంది. 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈ విషయాన్నంతా వెతికి, సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని చెప్పింది. 2022లో యూరోపియన్ యూనియన్ ఆ హద్దుకు లోపలే ఉండాలని నిబంధన పెట్టింది. ఇంత రిస్కుకు దొరికే లాభం ఎంత? జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసే కొక్రేన్ సమీక్ష 2012లో చెప్పిన ప్రకారం, గ్రీన్ టీ తయారీల వల్ల తగ్గే బరువు ఆరోగ్యంలో తేడా తెచ్చేంత లేదు.

అందరికీ ఇలా జరగదు. అది నేను ఒప్పుకుని తీరాలి. ఈ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. కాలేయం దెబ్బతిన్నవాళ్లలో హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యు రకం మామూలుకన్నా చాలా ఎక్కువగా కనిపిస్తోందని గ్రీన్ టీ, గార్సీనియా, పసుపు ఎక్స్‌ట్రాక్ట్ కేసుల్లో తేలింది. అది నాలో ఉందో లేదో ముందుగా నాకు తెలియదు. సీసా మీదా రాసి ఉండదు. పసుపు పేరు విని ఉలిక్కిపడ్డారేమో. అందులోని కర్క్యుమిన్ సహజంగా ఒంటికి సరిగా పట్టదు. పట్టించడానికి మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు. మామూలుగా మన కాలేయమూ పేగులూ ఆపేసేదాన్ని దొడ్డిదారిన లోపలికి పంపించి, దాన్ని "ప్రకృతి సిద్ధం" అని పిలవడం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు బ్రస్సెల్స్ సంగతి. ఈ వ్యాసంలో ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

1990లలో అక్కడ బరువు తగ్గించే ఒక క్లినిక్ తన మాత్రల్లో చైనా మూలికలు చేర్చింది. అంతవరకు ఏళ్ల తరబడి ఆ క్లినిక్ ఇబ్బంది లేకుండా నడిచింది. కొద్దికాలానికే వయసులో ఉన్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పాడైన కిడ్నీలతో ఆసుపత్రులకు రావడం మొదలైంది. వాళ్లందరూ ఒకే చోట బరువు తగ్గడానికి వెళ్లారని అక్కడి కిడ్నీ వైద్యులు పట్టుకుని 1993లో ప్రచురించారు. చివరికి లెక్క 100 మంది దాటింది. ఏం జరిగింది? మాత్రలో ఉండాల్సిన మూలిక స్టెఫానియా. చైనా పేరు హాన్ ఫాంగ్ జీ. దాని బదులు గ్వాంగ్ ఫాంగ్ జీ అనే అరిస్టొలోకియా వేరు వచ్చి చేరింది. పేర్లో సగం ఒకటే. అరిస్టొలోకియాలోని ఆమ్లం కిడ్నీని గట్టిపడేలా చేస్తుంది, జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. 2000 సంవత్సరంలో వచ్చిన నివేదికలో, కిడ్నీలు పూర్తిగా పాడై, ముందుజాగ్రత్తగా వాటినీ మూత్రనాళాలనూ తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే మూత్రమార్గం లోపలి పొరలో కేన్సర్ ఉంది. ఆ స్త్రీలు కోరుకున్నది కాస్త బరువు తగ్గడం.

"వేల ఏళ్లుగా వాడుతున్నారు" అనే వాదనకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. అరిస్టొలోకియాను గ్రీకుల కాలం నుంచీ వాడారు. దాని పేరుకు అర్థమే "మంచి ప్రసవం". కాన్పు సుఖంగా అవుతుందని ఇచ్చేవాళ్లు. తాగిన వెంటనే వాంతులైతే, ఆ రోజే ఎవరైనా చనిపోతే, సంప్రదాయం దాన్ని తప్పకుండా పసిగడుతుంది. పది, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే కేన్సర్‌ను ఎప్పుడో తాగిన కషాయంతో ముడిపెట్టడం ఏ వైద్యుడికీ, ఏ అమ్మమ్మకీ సాధ్యం కాదు. పెద్దల అనుభవాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. కంటికి ఆనేవాటినే కన్ను చూస్తుంది. మిగతావాటికి రికార్డులు రాసిపెట్టుకోవాలి, లెక్కలు కట్టాలి.

పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి అన్నది పాత కాలపు ముచ్చట అనుకోకండి. 2023లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నివేదిక ఒకటి వచ్చింది. బరువు తగ్గడానికని మెక్సికో చెట్టు తేహొకోటే వేరు పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పది ఉత్పత్తులను పరీక్షిస్తే, తొమ్మిదింటిలో ఉన్నది పచ్చగన్నేరు. పచ్చగన్నేరు ఏం చేస్తుందో తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. గుండె లయ తప్పుతుంది, ప్రాణం పోతుంది.

కొన్నిసార్లు కలిసేది మొక్క కూడా కాదు. సిబుట్రమిన్ అనే బరువు తగ్గించే మందును, గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో యూరప్, అమెరికాలలో ఆపేశారు. అప్పటి నుంచీ అది "హెర్బల్" సీసాల్లో దొరుకుతూనే ఉంది. 2007 నుంచి 2016 వరకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుకున్న 776 కల్తీ సప్లిమెంట్లలో 40 శాతానికి పైగా బరువు తగ్గించడానికని అమ్మినవే, వాటిలో ఎక్కువగా దొరికింది సిబుట్రమినే. కాబట్టి ఏదైనా మూలికల మాత్ర వారంలోనే ఆకలి చంపేసి, గుండె దడ పుట్టించి, నిద్ర పోగొడితే, మూలిక భలే పనిచేస్తోందని సంబరపడకండి. భయపడండి.

ఎఫెడ్రా అనే మూలిక మాత్రం నిజంగా పనిచేసింది. నెలకు ఒక కేజీ లోపు అదనంగా తగ్గించేది, దాంతోపాటు గుండెను పరిగెత్తించేది. మరణాల తర్వాత అమెరికా 2004లో నిషేధించింది. అక్కడి 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంటు అమ్మేముందు అది పనిచేస్తుందని గానీ, ప్రమాదం లేదని గానీ అనుమతి కోసం నిరూపించక్కర్లేదు. హాని జరిగిందని ప్రభుత్వమే తర్వాత నిరూపించాలి. మనుషులు పోయాకే లెక్క మొదలవుతుందన్నమాట.

అన్నీ తిట్టేసి ఊరుకుంటే అది అన్యాయం. పీచు పదార్థాల విషయంలో సాక్ష్యం బాగుంది. ఇసబ్గోల్ పొట్టులోని కరిగే పీచు రోజుకు 7 గ్రాములు తీసుకుంటే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. దానివల్ల గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చన్న మాటను ఎఫ్‌డీఏ 1998లోనే లేబుల్ మీద రాసుకోనిచ్చింది. భోజనం తర్వాత షుగర్ ఎగబాకడాన్ని కూడా కొంత నెమ్మది చేస్తుంది. కొంజాక్ దుంప నుంచి వచ్చే గ్లూకోమానన్‌కు యూరప్ సంస్థ 2010లో బరువు తగ్గడం విషయంలో ఒప్పుకోలు ఇచ్చింది. అయితే ఎంత షరతుతో చూడండి: భోజనానికి ముందు ఒక్కో గ్రాము చొప్పున రోజుకు 3 గ్రాములు, ఒకటి రెండు గ్లాసుల నీళ్లతో, తక్కువ కేలరీల ఆహారంతో పాటు. నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. ఇవి అద్భుతాలు చేయవు, ఒంట్లోకి పెద్దగా వెళ్లవు కూడా, పేగుల్లోనే తమ పని చేసుకుని పోతాయి. నేను ఇసబ్గోల్ రోజూ తీసుకుంటాను. డాక్టరుగారి దగ్గర నా మందుల జాబితాలో దాని పేరు కూడా రాయించాను.

"అల్లోపతి మందులకు సైడ్ ఎఫెక్ట్స్ లేవా? ఆ కంపెనీలేమైనా ధర్మసత్రాలా?" అని మా ఇంట్లోనే అడిగారు. సైడ్ ఎఫెక్ట్స్ ఉన్నాయి, లాభాపేక్షా ఉంది. సిబుట్రమిన్ కూడా ఒక కంపెనీ మందే కదా. కానీ దాని హాని ఎలా బయటపడింది? వేల మంది మీద ఏళ్ల తరబడి పరీక్ష చేయమని పట్టుబట్టారు కాబట్టి బయటపడింది. మెట్‌ఫార్మిన్ కవరులో ఉండే కాగితం మీద చిన్న అక్షరాల్లో బోలెడు భయపెట్టే మాటలు ఉంటాయి. నా గ్రీన్ టీ సీసా మీద ఒక్కటీ లేదు. ఒకప్పుడు ఆ ఖాళీని చూసి ధైర్యపడ్డాను. ఎవరూ వెతకలేదు కాబట్టే అక్కడ ఖాళీ ఉందని ఇప్పుడు తెలుసు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కాదు. కొవ్వు మీద, చక్కెర మీద పనిచేస్తుందని చెప్పుకునే ప్రతి సీసా, మొక్క ఏ జాతిదో, ఏ భాగమో, అసలు పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో రాయాలి. ఆ రాసింది నిజమేనని అమ్మకానికి ముందే వేరేవాళ్లు పరీక్షించాలి. కాలేయం మీద ప్రభావం తెలిసినవాటికి ఆ హెచ్చరిక ముందువైపే ఉండాలి. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు "మందులు వాడుతున్నారా" అనడంతో ఆపకుండా, నన్ను రెండోసారి అడిగినట్టు విడమరిచి అడగాలి. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదుచేసే బృందం లెక్కల్లో సప్లిమెంట్ల వాటా 2004 ప్రాంతంలో 7 శాతం, పదేళ్లలో 20 శాతానికి చేరింది. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి అర నిమిషం కూడా పట్టదు.

ఈ మధ్య మా వదిన బెర్బెరిన్ సీసా తెప్పించుకుంది. మానుపసుపు లాంటి మొక్కల్లో ఉండే పసుపుపచ్చని చేదు పదార్థం అది. 2023 నుంచి ఇంటర్నెట్‌లో దానికి "ప్రకృతి ఇచ్చిన ఓజెంపిక్" అని పేరు. నిజానికి పోలికే లేదు. షుగర్‌కు వాడే ఓజెంపిక్ సూదిమందులో ఉన్న సెమాగ్లూటైడ్‌నే ఎక్కువ మోతాదులో ఇచ్చిన 2021 నాటి పరీక్షలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది, ఉత్త సూదితో 2.4 శాతం. బెర్బెరిన్ పరీక్షలు చిన్నవి, వాటన్నిటినీ కలిపి చూస్తే సగటు రెండు కేజీల దగ్గర ఆగుతుంది. షుగర్, కొలెస్ట్రాల్ మీద మాత్రం కొంత ప్రభావం ఉన్నట్టే ఉంది, అది కొట్టిపారేయను. అందుకే నాకు టెన్షన్ పట్టుకుంది. పనిచేసేదైతే, ఆమె ఇప్పటికే వాడుతున్న షుగర్ మాత్రతో కలిసి షుగర్‌ను మరీ దించేయవచ్చు. పైగా ఇతర మందులను విరగ్గొట్టే కాలేయ ఎంజైములను అది అడ్డుకుంటుంది, అంటే ఆమె కొలెస్ట్రాల్ మాత్ర ఒంట్లో ఉండాల్సినదానికన్నా ఎక్కువ నిలవచ్చు. గర్భిణులైతే అసలు ముట్టుకోకూడదు.

"వదినా, పారేయమని నేను అనను. సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్దాం రా" అన్నాను. వెళ్లాం. ఆ డాక్టరమ్మ లేబుల్ మొత్తం చదివి, వదిన మందులన్నీ పక్కన పెట్టుకుని చూసి, ప్రస్తుతానికి మొదలుపెట్టొద్దని, మూడు నెలల షుగర్ సగటు చూశాక మాట్లాడదామని చెప్పారు. దారిలో వదిన నాతో మాట్లాడలేదు. "నువ్వు తింటే పర్వాలేదు, నేను తింటేనే విషమా" అని ఇంటికొచ్చాక అంది. నా పాత రిపోర్టు తీసి చూపించాను. 412 మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

సీసా ఇంకా ఆమె అల్మరాలోనే ఉంది, సీలు తీయలేదు. పరీక్ష వచ్చే నెలలో.